గుడి కావాలి, నుయ్యి వద్దు: వాల్‌హల్లా రివర్బ్‌ల మీద నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. రివర్బ్ అంటే పొడి శబ్దానికి గుడి, హాలు లాంటి చోటి మోత చేర్చేది. ఇక్కడ చెప్పేవి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లు. ఇంట్లోనో చిన్న గదిలోనో గొంతు రికార్డు చేసి మిక్స్ చేసుకునేవాళ్లు ఒక్క రివర్బ్‌కే డబ్బు పెట్టగలిగితే వాల్‌హల్లా వింటేజ్‌వెర్బ్ తీసుకోండి. 50 డాలర్లు, మన డబ్బుల్లో నాలుగు వేల పైచిలుకు. అంత పెట్టలేకపోతే అదే కంపెనీ ఊరికే ఇచ్చే సూపర్‌మాసివ్ దింపుకోండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక చదవక్కర్లేదు. తీరికున్నవాళ్లకి మాత్రం వీటిని తయారు చేసిన షాన్ కాస్టెల్లో గురించి, మన పాటకి ఇవి ఎక్కడ నప్పుతాయి, ఎక్కడ తేడా కొడతాయి అన్నదాని గురించి చెప్పాలనుంది.

నాది రాజమండ్రి. మేడ మీద గదిలో పని. నా దగ్గరికి సినిమా పాటలు రావు. హరికథలు, భజనలు, పద్య నాటకాలు, ఎప్పుడైనా ఒక వీణ కచేరీ, మధ్యమధ్య షార్ట్ ఫిల్ముల డబ్బింగ్. గది చిన్నది కాబట్టి గోడలకి పాత పరుపులు, దుప్పట్లు కొట్టి మోత చంపేశాను. దాంతో గొంతు పొడిగా వస్తుంది. పాడినవాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకోగానే మొహం మాడ్చుకుని "కొంచెం ఎకో వెయ్యండి" అంటారు. ఒక భాగవతార్ గారైతే ఇంకా స్పష్టంగా చెప్పారు: "అబ్బాయ్, గుళ్లో చెప్పినట్టుండాలి గానీ నూతిలోంచి చెప్పినట్టుండకూడదు." రివర్బ్ గురించి ఇంతకంటే మంచి స్పెసిఫికేషన్ నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

షాన్ కాస్టెల్లో పేరు నేను మొదట చూసింది సీసౌండ్ మాన్యువల్లో. సీసౌండ్ అంటే 1980ల నడుమ ఎంఐటీలో బ్యారీ వెర్కో తయారు చేసిన ప్రోగ్రామింగ్ భాష. నాబ్‌లు, బొమ్మలు ఏమీ ఉండవు, టెక్స్టు రాస్తే శబ్దం వస్తుంది. కొనే స్తోమత లేని రోజుల్లో దానితో కుస్తీ పట్టేవాణ్ణి. అందులో ఒక్కో పనికి ఒక్కో ఆప్‌కోడ్ ఉంటుంది, ప్రతి ఆప్‌కోడ్ పేజీ అడుగున రాసినవాళ్ల పేరు, ఊరు ఉంటాయి. ఫేజర్ పేజీ అడుగున షాన్ కాస్టెల్లో, సియాటిల్, 1999. హిల్బర్ట్ పేజీ అడుగునా అదే పేరు. రివర్బ్‌ఎస్‌సీ అనే రివర్బ్ కూడా మొదట ఆయన సీసౌండ్‌లో రాసిన కోడే, తర్వాత ఇష్ట్వాన్ వర్గ దాన్ని సీ భాషలోకి మార్చాడు. ఇది ఇప్పుడు సీసౌండ్ దాటి చాలా చోట్లకి పోయింది. ఐఫోన్ యాప్‌లు చేసేవాళ్లు వాడే ఆడియోకిట్‌లో ఏకంగా కాస్టెల్లో రివర్బ్ అనే పేరుతోనే ఉంది.

ఆ రివర్బ్‌ఎస్‌సీ పేజీ ఇప్పటికీ నాకు ఇష్టం. ఎనిమిది డిలే లైన్లు, అంటే శబ్దాన్ని కాసేపు ఆపి వదిలే దారులు. ఒక్కోదాన్లోంచి వచ్చిన శబ్దం మిగతా అన్నిట్లోకీ కలిసి మళ్లీ లోపలికి పోతుంది. అలా తిరిగి తిరిగి వేలకొద్దీ ప్రతిధ్వనులు అల్లుకుంటాయి. ఫీడ్‌బ్యాక్, అంటే అలా తిరిగి లోపలికి పోయే మోతాదు, 0.6 పెడితే చిన్న గది, 0.8 చిన్న హాలు, 0.9 పెద్ద హాలు అని మాన్యువల్లోనే రాసి ఉంటుంది. ఇంకో మాట కూడా ఉంటుంది: డిలేల పొడవు అటూ ఇటూ ఊగే మోతాదు మామూలుగా 1 ఉంటుంది, పియానోలా నిలబడే స్వరాలకి అది ఎక్కువ కావచ్చు, తగ్గించుకోండి అని. ఈ ఒక్క వాక్యం దగ్గరికి మళ్లీ వస్తాను. మన సంగీతానికి అసలు కిటుకు అక్కడే ఉంది.

కొన్నేళ్ల తర్వాత 2020లో సూపర్‌మాసివ్ ఉచితంగా వచ్చినప్పుడు అందరిలాగే నేనూ దింపుకున్నాను. వీణ తీగ ఒక్కటి మీటి అందులోకి పంపి, ఆ శబ్దం తగ్గకుండా మెల్లగా పెరుగుతూ పోవడం విని, దీన్ని ఎవరు చేశారా అని చూస్తే ఈయనే. ఆ మాన్యువల్ అడుగున ఉన్న మనిషే 2009లో వాల్‌హల్లా డీఎస్‌పీ అని సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అదే రోజుల్లో ఆడియో డ్యామేజ్ అనే కంపెనీ తెచ్చిన ఈయోస్ రివర్బ్‌లో అల్గారిథమ్‌లూ ఈయనవే. 2010లో షిమ్మర్, 2011లో రూమ్, 2012లో వింటేజ్‌వెర్బ్. అన్నీ ఒకే ధర. పండగ డిస్కౌంట్లు, బ్లాక్ ఫ్రైడే హడావుడి ఏమీ ఉండవు. ఇవాళ కొన్నవాడు వారం తర్వాత సగం ధర చూసి ఏడవక్కర్లేదు. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, ప్లగిన్ల వ్యాపారంలో తిరిగినవాళ్లకి దీని విలువ తెలుసు.

ఇక వింటేజ్‌వెర్బ్. తెర మీద పెద్ద హంగులు ఉండవు. బల్లపరుపు రంగులు, గుండ్రటి నాబ్‌లు, అక్షరాలు. మౌస్ దేని మీద పెడితే దాని గురించి కింద ఒక వాక్యం కనపడుతుంది. ఆ వాక్యాలు చదువుకుంటూ పోతే రివర్బ్ పాఠం సగం వచ్చేస్తుంది. అడుగున రెండు మెనూలుంటాయి. మోడ్ అంటే ఏ అల్గారిథమ్: కాన్సర్ట్ హాల్, ప్లేట్, చాంబర్, యాంబియెన్స్, శాంక్చువరీ, ఇలా ఇరవైకి పైనే. కలర్ అంటే ఏ కాలం: 1970లు, 1980లు, ఇప్పుడు.

ఈ కలర్ మెనూయే నా దృష్టిలో ఆయన ప్రతిభంతా. డిజిటల్ రివర్బ్ పుట్టిన రోజుల్లో, అంటే 1976లో ఈఎంటీ 250, 1978లో లెక్సికాన్ 224 వచ్చినప్పుడు, లోపల ఉన్న కంప్యూటర్‌కి ఓపిక తక్కువ. పై ఫ్రీక్వెన్సీలు కోసేయాల్సి వచ్చేది. డిలేలని ఊపే పద్ధతీ మోటుగా ఉండేది. అవి లోపాలే. ఇంజనీర్లు వేల డాలర్లు పోసి కొన్న పెట్టెల లోపాలు. కానీ ఆ లోపాలతో వచ్చిన రికార్డులకి నలభై ఏళ్లుగా మన చెవులు అలవాటు పడ్డాయి. ఇప్పుడు లాప్‌టాప్‌లో అన్నీ శుభ్రంగా చేయగలిగినా, ఏ లోపం ఉంచాలి, ఏది తీసేయాలి అని ఎంచడం అల్గారిథమ్ పని కాదు, చెవి పని. కాస్టెల్లో ఆ ఎంపికని ఒక మెనూలో పెట్టి మన చేతికిచ్చాడు. 1970లు పెడితే 10 కిలోహెర్ట్జ్ పైన రివర్బ్ ఉండదు, ఊపు కూడా గరుగ్గా ఉంటుంది. 1980లలో పై ఫ్రీక్వెన్సీలు తిరిగొస్తాయి, గరుకు ఉంటుంది. మూడోది శుభ్రం.

హరికథకి దీని ఉపయోగం చెప్తాను. భాగవతార్ గారి చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు. ఎంత దూరంగా మైకు పెట్టినా అవి గొంతు మైకులోకి వచ్చి పడతాయి, ఆపలేం. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన రివర్బ్ ఏదైనా తీసుకుని ఒక్క చిడత దెబ్బ పంపి చూడండి. దెబ్బ అయిపోయాక పైన ఒక సన్నటి జల్లు మిగులుతుంది. ఒక్క దెబ్బకి ఫరవాలేదు. ద్రుతంలో వరసగా పడుతున్నప్పుడు ఆ జల్లులన్నీ కలిసి సాహిత్యం మీద కూర్చుంటాయి, "స", "శ", "చ" వినపడవు. ఈక్యూ (ఫ్రీక్వెన్సీలని పెంచి తగ్గించే సాధనం) పెట్టి కోస్తే గొంతు మెరుపు కూడా పోతుంది. అదే దెబ్బని వింటేజ్‌వెర్బ్‌లో కాన్సర్ట్ హాల్, 1970ల కలర్, డికే (మోత నిలిచే కాలం) 1.8 సెకన్లు, ప్రీడిలే (మోత మొదలయ్యే ముందు ఆలస్యం) 40 మిల్లీసెకన్లు పెట్టి పంపండి. చిడత ముందే ఉంటుంది, టక్కుమని. వెనకాల వచ్చేది మాత్రం దాని కింది భాగమే, చెక్క మోత. జల్లు లేదు. గొంతుని అలాగే వదిలేయొచ్చు, ఈక్యూ ముట్టుకోనక్కర్లేదు.

ప్రీడిలే సంగతి కూడా. తెలుగులో ఒత్తులు ఎక్కువ, హరికథలో వచనం వేగం ఎక్కువ. రివర్బ్ అక్షరంతో పాటే మొదలైతే ఒత్తు మింగేస్తుంది. 40 దాకా ఆలస్యం ఇస్తే అక్షరం పూర్తయ్యాకే గుడి మోగడం మొదలవుతుంది. వచనానికి, కీర్తనకి నేను వేరే వేరే సెండ్‌లు, అంటే గొంతుని రివర్బ్‌కి పంపే దారులు, పెడతాను. వచనం యాంబియెన్స్ మోడ్‌లోకి, చాలా కొద్దిగా. కీర్తన అందుకోగానే హాలు సెండ్ లేస్తుంది. పద్య నాటకానికైతే పద్యం చివర రాగం తీసే చోట మాత్రం చేత్తో ఫేడర్ పైకి లాగి, తర్వాతి మాటకి దించేస్తాను. ఇది ఏ ప్లగినూ చేసిపెట్టదు.

ఇప్పుడు ఆ మాన్యువల్ వాక్యం. డిలే లైన్ల పొడవు కదలకుండా ఉంటే వాటి సొంత స్వరాలు కొన్ని పైకి తేలతాయి, రేకు డబ్బా మోత వస్తుంది. ఈ తలనొప్పి కొత్తది కాదు. బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960ల మొదట్లో కంప్యూటర్‌తో తొలి కృత్రిమ రివర్బ్‌లు చేసినప్పటి నుంచీ ఉన్నదే. సహజంగా వినపడాలంటే సెకనుకి వెయ్యి ప్రతిధ్వనులైనా కావాలని లెక్క చెప్పింది ఆయనే. తర్వాతివాళ్లు కనిపెట్టిన ఉపాయం డిలేల పొడవుని మెల్లగా ఊపడం. ఊపితే ఆ స్వరాలు ఒకచోట నిలబడవు, మోత చెదిరిపోతుంది. కానీ పొడవు మారుతుంటే శ్రుతి కూడా కొంచెం మారుతుంది. దగ్గరికొచ్చే రైలు కూత హెచ్చినట్టే, లెక్క కూడా అదే. పాప్ పాటలో ఆ ఊపు బాగుంటుంది, నిండుగా అనిపిస్తుంది. ఆ అలవాటుతో చేసిన ప్రీసెట్లన్నిట్లోనూ (ముందే సర్ది ఇచ్చే అమరికలు) ఊపు ఎక్కువే.

తంబురా మీద నిలబడిన షడ్జమానికి అది పనికిరాదు. పాడేవాళ్లు స కలిపి పట్టి నిలబడ్డారు. తంబురా, గొంతు ఒక్కటైపోయాయి. వెనకాల రివర్బ్ మాత్రం స చుట్టూ తచ్చాడుతోంది. మామూలు శ్రోతకి "ఏదో బాగాలేదు" అనిపిస్తుంది, పాడినావిడకి మాత్రం వెంటనే తెలిసిపోతుంది. ఒక వీణ టీచర్ గారు హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు క్షణాలు విని, "నా శ్రుతి ఎవరు కదుపుతున్నారండీ?" అని అడిగారు. వింటేజ్‌వెర్బ్‌లో మాడ్ డెప్త్ అని నాబ్ ఉంది. కచేరీ సంగీతానికి దాన్ని పది శాతం దగ్గరికి దింపండి, కలర్ మూడోది పెట్టండి, ప్రతిధ్వనులని చెదరగొట్టే లేట్ డిఫ్యూజన్ నాబ్ పైనే ఉంచండి. పూర్తిగా సున్నా చేస్తే రేకు మోత మళ్లీ తొంగి చూస్తుంది కాబట్టి అంతదాకా వెళ్లొద్దు. సున్నాకి, పదికి మధ్య మీ చెవికి సరిపడిన చోటు ఉంటుంది. ఈ సర్దుబాటుకి వీలిచ్చే రివర్బ్‌లు చాలానే ఉన్నాయి గానీ, ఊపు తగ్గించాక కూడా వినబుద్ధేసేవి తక్కువ. ఇది ఆ తక్కువలో ఒకటి.

షిమ్మర్ గురించి నా అభిప్రాయం కలగాపులగం. రివర్బ్ తోకని ఒక ఆక్టేవ్ పైకి జరిపి మళ్లీ రివర్బ్‌లోకే పంపడం దీని కీలకం. బ్రయన్ ఈనో, డేనియల్ లాన్వా 1980లలో పిచ్ షిఫ్టర్ (స్వరాన్ని పైకీ కిందకీ జరిపే పెట్టె), రివర్బ్ పెట్టెలు కలిపి ఇలాంటి శబ్దం తీశారు. ఒక వీణ స్వరం వేస్తే పైన స్వరాల గుంపు లేస్తుంది. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఇప్పుడు ప్రతి భక్తి వీడియోలో, ప్రతి ధ్యానం వీడియోలో ఇదే శబ్దం. ఎక్కడ భావం పలకలేదో అక్కడ ఇది పోసేస్తున్నారు. కొనేముందు మీకది ఎన్ని పాటల్లో నిజంగా కావాలో ఆలోచించుకోండి.

ఒక సరదా ప్రయోగం మాత్రం చెప్పకుండా ఉండలేను. షిఫ్ట్ నాబ్‌ని 12 (ఆక్టేవ్) కాకుండా 7 మీద పెట్టండి, అంటే ప్రతి స్వరానికీ దాని పంచమం మోగుతుంది. హిందోళం వాయించండి. స గ మ ధ ని, పంచమం లేని రాగం. గాంధారం వేస్తే నిషాదం లేస్తుంది, రాగంలోదే. నిషాదానికి మధ్యమం, మధ్యమానికి షడ్జమం, ధైవతానికి గాంధారం, అన్నీ రాగంలోవే. అయిదింట నాలుగు స్వరాలు ప్లగిన్‌కి హిందోళం వచ్చేమో అన్నంత చక్కగా పలుకుతాయి. షడ్జమం వేయగానే పంచమం వచ్చి కూర్చుంటుంది, రాగం అక్కడితో సరి. ఫీడ్‌బ్యాక్ పెంచితే మరీ ఘోరం: ఏ స్వరంతో మొదలెట్టినా మెట్లు ఎక్కీ ఎక్కీ చివరికి షడ్జమం చేరి, అక్కడి నుంచి పంచమానికి, ఆ పైన చతుశ్రుతి రిషభానికి పోతుంది. ఒక షార్ట్ ఫిల్మ్‌కి ఈ చెడిపోయే తీరునే వాడుకున్నాను. నాయిక మనసు మారే చోట ఫీడ్‌బ్యాక్ నెమ్మదిగా పైకి. దర్శకుడికి రాగాలు తెలియవు గానీ అక్కడ ఏదో జరిగిందని మాత్రం పట్టేశాడు.

ఉచితంగా ఇచ్చేవాటిలో సూపర్‌మాసివ్‌దే పెద్ద పీట. మోడ్‌లకి నక్షత్ర మండలాల్లాంటి వాటి పేర్లు: జెమినై, హైడ్రా, ఆండ్రోమెడా, ఇంకా చాలా, ఆయన మధ్యమధ్య కొత్తవి చేరుస్తూనే ఉన్నాడు. చాలామంది దీన్ని ఆకాశం బద్దలయ్యే శబ్దాలకే వాడతారు. నన్నడిగితే మిక్స్ తక్కువ పెట్టి, జెమినై మోడ్‌లో డిలే చిన్నది చేసి, వార్ప్ నాబ్ కదిపి చూడండి. వార్ప్ ఎడమ చివరన ఉంటే డిలేలన్నీ సమానం, విడివిడిగా ఎకోలు లెక్కపెట్టొచ్చు. కుడికి తిప్పేకొద్దీ ఒక్కోటి ఒక్కో పొడవుకి జరిగి ఎకోలు చెల్లాచెదురై రివర్బ్ అయిపోతాయి. ఎకోకి, రివర్బ్‌కి మధ్య గీత ఎక్కడుందో కొత్తవాళ్లకి చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం నేను చూడలేదు. స్టూడియోకి నేర్చుకోవడానికొచ్చే కుర్రాళ్లకి మొదటి పాఠం ఇదే. ఫ్రీక్‌ఎకో అని ఇంకో ఉచితం ఉంది, ఎకోలో ఫ్రీక్వెన్సీ షిఫ్టర్, అంటే శబ్దంలోని ఫ్రీక్వెన్సీలన్నిటినీ ఒకే మోతాదులో జరిపేది. ఆ 1999 నాటి హిల్బర్ట్ ఆప్‌కోడ్ చేసే పని ఇలాంటిదే. పేజీ అడుగు పేరు చదివినవాడికి అది చూస్తే నవ్వొస్తుంది.

లోట్లు లేకపోలేదు. లినక్స్‌కి లేవు, విండోస్, మ్యాక్‌లకే. ఊళ్లలో పాత కంప్యూటర్ల మీద లినక్స్ పెట్టి పని చేసేవాళ్లకి అది అడ్డే. వాళ్లు సీసౌండ్ రివర్బ్‌ఎస్‌సీ వాడుకోవచ్చు, మనసు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. నిజమైన ఒక గుడిలో చప్పట్లు రికార్డు చేసి ఆ గుడినే దింపుకోవాలంటే ఇవి పనికిరావు, దానికి కన్వల్యూషన్ రివర్బ్ కావాలి. ప్రీసెట్ల పేర్లు చూసి ఏది దేనికో ఊహించడం కష్టం. మోడ్‌లు ఇరవై పైచిలుకు ఉన్నా గొంతుకి నేను పదే పదే వాడేవి నాలుగైదే. మిగతావి మంచివే, సింథసైజర్‌తో ఆడుకునేవాళ్ల కోసం.

కొనడం సులువే. లైసెన్సు కోసం కంప్యూటర్‌కి గుచ్చే ఐలాక్ లాంటి డాంగిల్ అక్కర్లేదు. వేరే ఒక పెద్ద కంపెనీ రివర్బ్ నా దగ్గర ఉంది. నెట్ లేని రోజు అది తెరుచుకోదు, పాడేవాళ్లు మాత్రం ఎదురుగా కూర్చుని ఉంటారు. వీటితో ఆ బాధ పడలేదు. పాత ఐ3 లాప్‌టాప్ మీద నాలుగైదు తెరిచినా కూలబడదు. డెమో ముందు దింపుకోండి, మధ్యమధ్య శబ్దం మాయమవుతుంది తప్ప అన్ని నాబ్‌లూ పనిచేస్తాయి. మన డెబిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా మూసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరుచుకుని, కొన్నాక మళ్లీ మూసేయండి.

రెండోది కొనాలనుకుంటే, షార్ట్ ఫిల్మ్ డబ్బింగ్ ఎక్కువ చేసేవాళ్లు రూమ్ తీసుకోండి. సంభాషణని నిజం గదిలో కూర్చోబెట్టడంలో అది వింటేజ్‌వెర్బ్ కంటే ఒక మెట్టు పైన. భజనలు, హరికథలే మీ పనైతే రెండోది అక్కర్లేదు, ఆ నాలుగు వేలు దాచి చిడతల మైకుకి పెట్టండి.